రికవరీ అంటే బాకీ ఒక్కటే కాదు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



జమాఖర్చులు ఇంతకుముందే విన్నారు. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, ఏ గ్రామైక్య సంఘం రికవరీ ఎంత అనే లెక్కలన్నీ పుస్తకంలో అచ్చయి ఉన్నాయి. ఇంటికి పోయి తీరిగ్గా చూసుకోవచ్చు. ఇప్పుడు మేము మాట్లాడబోయేది ఆ పట్టికల్లో లేని సంగతి. మన సంఘాల్లో కొందరు అక్కలకు మనసు బాగలేదు. వాళ్ళ విషయంలో సంఘం ఏం చెయ్యాలి అన్నదే ఈ మాట. చివర్లో ఒక తీర్మానం కూడా పెడుతున్నాం, కాబట్టి కాస్త ఓపిగ్గా వినమని కోరుతున్నాం.

మన దగ్గర రికవరీ అంటే ఏమిటో చంటిపిల్లను అడిగినా చెబుతుంది, తీసుకున్న అప్పు తిరిగి కట్టడం. ఇంగ్లండులో అదే పేరుతో బడులున్నాయి. రికవరీ కాలేజీలు అంటారు. అక్కడ ఆ మాటకు అర్థం మనసు జబ్బు నుంచి కోలుకోవడం. మొదటిది 2009లో లండన్ నైరుతి ప్రాంతంలో పెట్టారు. 2011లో నాటింగ్‌హామ్‌లో ఇంకొకటి వచ్చింది. తర్వాత చాలా ఊళ్ళకు పాకాయి. ఫీజు లేదు. వచ్చిన మనిషిని రోగి అని రాసుకోరు, విద్యార్థి అని రాసుకుంటారు. నిద్ర పట్టనప్పుడు ఏం చెయ్యాలి, దిగులు ముదరకముందే ఎలా గుర్తుపట్టాలి, మందుల గురించి డాక్టరును ఏమేమి అడగాలి, మళ్ళీ పనిలోకి ఎలా పోవాలి, ఇవీ అక్కడి పాఠాలు. మాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ప్రతి పాఠాన్నీ ఇద్దరు కలిసి తయారు చేస్తారు, ఇద్దరూ కలిసే చెబుతారు. ఒకరు వైద్యం చదువుకున్నవాళ్ళు, ఇంకొకరు ఆ జబ్బు పడి లేచినవాళ్ళు.

ఇది తెల్లదొరల దేశం మాట, మనకెందుకు అనుకునేవాళ్ళు ఉంటారు. సరే, మనకంటే బీద దేశం సంగతి చెబుతాం. ఆఫ్రికాలో జింబాబ్వే అని ఉంది. అక్కడ మానసిక వైద్యులు మరీ తక్కువ. డిక్సన్ చిబాండా అనే డాక్టరు 2006లో హరారే నగరంలో 14 మంది అవ్వలకు తర్ఫీదు ఇచ్చాడు. ఆసుపత్రి ఆవరణలో ఒక బల్ల వేసి, బాధతో వచ్చిన మనిషిని దాని మీద కూర్చోబెట్టి, అవ్వ పక్కన కూర్చుని మాట్లాడుతుంది. దానికి స్నేహపు బల్ల అని పేరు పెట్టారు. వాళ్ళ షోనా భాషలో ఈ దిగులును కుఫుంగిసిసా అంటారు, అంటే మరీ ఎక్కువగా ఆలోచించడం. మన ఊళ్ళలో అనేదీ అదే కదా, "ఊరికే ఆలోచనలు చేసుకుని పాడైపోయింది" అని.

ఆ అవ్వలు చేసేది పెద్ద విద్యేమీ కాదు. ఉన్న కష్టాలన్నీ చెప్పించుకుంటారు. అందులో ముందు తేల్చాల్సింది ఏదో ఆమె చేతనే ఎంచిపిస్తారు. దానికి ఈ వారంలో వెయ్యగలిగిన ఒక్క చిన్న అడుగు ఏదో ఆమె నోటితోనే చెప్పిస్తారు. మళ్ళీ వచ్చినప్పుడు ఏమయిందని అడుగుతారు. మనం ఎంసీపీ రాసేటప్పుడు ఒక్కొక్క ఇంటి అవసరాలు అడిగి, ఏది ముందు, ఏది వెనక అని వరుస పెడతాం చూడండి, దాదాపు అంతే. 2016లో దీని మీద లెక్కలు బయటికి వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, బల్ల మీద కూర్చున్నవాళ్ళలో 100కి 14 మందికే దిగులు లక్షణాలు మిగిలాయి. ఆ సాయం అందనివాళ్ళలో 100కి 50 మందికి మిగిలాయి.

పదిమంది ఆడవాళ్ళను చాప మీద కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరు వినేలా చెయ్యడమే వాళ్ళకు పెద్ద పని అయింది. మనకు ఆ అలవాటు ఎప్పుడో వచ్చింది.

ఇక మన ఊళ్ళ సంగతి. 2015, 16 సంవత్సరాల్లో బెంగుళూరు నిమ్హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో పెద్ద సర్వే చేశారు. మన తెలుగు రాష్ట్రాలు అందులో లేవు, అయినా మనుషులు మనుషులే కదా. పెద్దవాళ్ళలో 100కి పది పదకొండు మందికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉందని తేలింది. వాళ్ళలో ఎక్కువ మందికి వైద్యమే అందలేదు. అంటే లెక్కప్రకారం మన ప్రతి సంఘంలో ఒకరు ఉంటారు. మీ సంఘంలో ఎవరు అని పక్కకు తిరిగి చూడొద్దు. మనమే కావచ్చు.

మన అక్కలు ఎవరూ "నాకు డిప్రెషన్" అని చెప్పరు. తల బరువు అంటారు, గుండె దడ అంటారు, ఒళ్ళంతా మంటలు అంటారు, తిండి సయించట్లేదు అంటారు. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు, సెలైన్ ఎక్కించుకుంటారు, మళ్ళీ వారానికి అదే బాధ. రెండు వారాలకు పైగా నిద్ర లేక, ఏ పని మీదా మనసు పోక, ఊరికే ఏడుపు వస్తూ, నేను ఎందుకూ పనికిరాను అనిపిస్తూ ఉంటే అది ఒంటి నొప్పి ఒక్కటే కాదని తెలుసుకోవాలి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా ఇలాగే నీరసం, దిగులు ఉంటాయి, కాబట్టి ఆ పరీక్షలూ చేయించాలి. కాన్పయిన బిడ్డ తల్లి బిడ్డను చూడక, పాలియ్యక గోడకు తిరిగి పడుకుంటే "బాలింత గాలి" అని ఊరుకోకూడదు. ఏఎన్‌ఎమ్మకు అదే రోజు చెప్పాలి.

ఈ సంగతులన్నీ అందరికంటే ముందు కనిపించేది మన హాజరు పుస్తకంలో. ఇది మా గట్టి నమ్మకం. పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం. ఎప్పుడూ మానని అక్క వరసగా రెండు మీటింగులకు రాదు. పొదుపు డబ్బు కూతురి చేత పంపిస్తుంది. మూడోసారి అది కూడా రాదు. పుస్తకంలో గైర్హాజరు అని పడుతుంది, దాని పక్కన ఫైను పడుతుంది. ఫైను నియమం మంచిదే, అది లేకపోతే సంఘాలు నిలిచేవి కావు. కానీ ఆ గీత ఎందుకు పడిందో కూడా చూడాలి.

ఒక ఊళ్ళో ఒక సంఘం లీడరు ఇలాంటి గీతలు చూసి, ఒక సాయంత్రం ఇంకో సభ్యురాలిని తోడు తీసుకుని ఆ ఇంటికి పోయింది. అప్పు మాట ఎత్తలేదు. పొయ్యి వెలిగించి టీ పెట్టి ఇచ్చి, కూర్చుంది, అంతే. ఆ అక్క చాలాసేపటికి నోరు విప్పింది. వేరుశెనగ పోయింది, మగమనిషి తాగి రావడం ఎక్కువైంది, సంఘం కంతు కట్టడానికి బయట వారం ఫైనాన్సు తీసుకుంది, దాన్ని కట్టడానికి ఇంకోటి. రాత్రుళ్ళు నిద్ర లేక నెల దాటింది. ఆ తర్వాత జిల్లా ఆసుపత్రికి పోయారు, మందులు వాడింది, ఇప్పుడు మీటింగుకు వస్తోంది. పేరు చెప్పం, ఊరు చెప్పం. ఆమె ఒప్పుకున్నంత వరకే చెప్పాం.

జిల్లా ఆసుపత్రి మాట వచ్చింది కాబట్టి ఆ వివరాలు. మన పక్కనున్న బళ్ళారిలో 1985 నుంచి నిమ్హాన్స్ వాళ్ళు ఒక ప్రయత్నం చేశారు. పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు నేర్పించి, మనసు జబ్బుల మందులు ఊరి దగ్గరే ఇప్పించారు. అది చూసే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మన రాష్ట్రంలో కూడా, పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆశా కార్యకర్తలకు ట్యాబులిచ్చి, ఇంటింటికీ పోయి ప్రశ్నలు అడిగి, అవసరమైనవాళ్ళను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపే పద్ధతి నడిపారు. మన ఆశాలు చెయ్యలేని పని కాదు.

ఫోను సౌకర్యం కూడా ఉంది. 14416, టెలి మానస్. 2022 అక్టోబర్ 10న మొదలైంది. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు ప్రతి సంఘం పుస్తకం అట్ట మీద రాసుకోవాలి.

మందుల మీద చాలా భయాలున్నాయి. దిగులు తగ్గించే మందులు రెండు మూడు వారాలు పోతేగానీ గుణం చూపవు. మొదటి వారానికే "ఏమీ తేడా లేదు" అని పారెయ్యకూడదు. బాగయింది కదా అని మనంతట మనమే టక్కున ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇవి మత్తుమందులు కావు. అలవాటు పడిపోయే ప్రమాదం ఉన్నది మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కునే నిద్రమాత్రలతో. గుడికి పోతాం, దర్గాకు పోతాం, తాయెత్తు కట్టించుకుంటాం అంటే మేము వద్దనం. పోయి రండి, ఆసుపత్రికి కూడా పోండి. ఒక్కటి మాత్రం ఎక్కడా ఒప్పుకోవద్దు, గొలుసు కట్టడం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో చిక్కి చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసు కట్టడాన్ని నిషేధించింది. దారిద్ర్య రేఖకు దిగువనున్న వాళ్ళకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచిత వైద్యం హక్కు అని కూడా ఆ చట్టమే చెప్పింది.

ఇంకో మాట ఆ చట్టంలోనిదే, అందరికీ తెలియాల్సింది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉందనే భావించాలి, శిక్షించకూడదు. కేసు అవుతుందని భయపడి ఆసుపత్రిలో అబద్ధం చెప్పి, సరైన వైద్యం అందక పోగొట్టుకున్న ఇళ్ళున్నాయి. ఏం తాగిందో దాచకుండా చెప్పాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని అనుకుంటాం. అలా జరగదు, అడిగితే బరువు దిగుతుంది. అవును అంటే ఆమెను ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు డబ్బాలు ఆ ఇంట్లో నుంచి తీసి ఇంకో చోట తాళం వేసి పెట్టాలి. 14416కు చెయ్యాలి, 108 పిలవాలి. అలాంటి రోజు తరగతులతో, బుజ్జగింపులతో ఆగకూడదు, డాక్టరు దగ్గరికి పోవాలి.

ఇప్పుడు తీర్మానం. ఎవరైనా వరసగా రెండు సమావేశాలకు రాకపోతే, ఫైను రాసే ముందు ఇద్దరు సభ్యులు ఇంటికి పోయి చూసి రావాలి. ఆ రోజు బాకీ మాట ఎత్తకూడదు. వైద్యం నడుస్తున్న సభ్యురాలి కంతును గ్రామైక్య సంఘం మూడు నెలలు వాయిదా వెయ్యవచ్చు. ఆసుపత్రికి బస్సు చార్జీలు వీఆర్‌ఎఫ్ నిధి నుంచి ఇవ్వవచ్చు. కారణం మినిట్స్ పుస్తకంలో "అనారోగ్యం" అని మాత్రమే రాయాలి. నాలుగోది, కోలుకునే తరగతులు. ప్రతి గ్రామైక్య సంఘంలో నాలుగు మధ్యాహ్నాలు. ఫీజు లేదు, డాక్టరు చీటీ అక్కర్లేదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. నిద్ర, ఆలోచనలు, మందులు, ఇంట్లో మగవాళ్ళ తాగుడు, ఈ నాలుగు పాఠాలు. చెప్పేవాళ్ళు ఇద్దరు, ఒకరు ఆరోగ్య శాఖ నుంచి, ఒకరు కోలుకున్న మన అక్క. వచ్చినవాళ్ళ పేర్లు ఎక్కడా రాయం.

వాయిదా మీద కార్యవర్గంలోనే వాదన జరిగింది, దాచిపెట్టడం లేదు. "ఒకరికి వదిలేస్తే అందరూ మనసు బాగలేదంటారు. గ్రేడు పడిపోతే బ్యాంకులో తర్వాత లింకేజీ ఎవరు ఇప్పిస్తారు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వాయిదా అంటే మాఫీ కాదు, మూడు నెలలు దాటితే మళ్ళీ కూర్చుని చూస్తాం. ఆ మూడు నెలలు బ్యాంకుకు కట్టాల్సింది గ్రామైక్య సంఘం సర్దుతుంది, కాబట్టి సంఘం గ్రేడు పోదు. నాటకాలాడేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారేమో, ఉండనీ. ఇంటికి పోయి చూసి వచ్చే ఇద్దరు ఉన్నారు కదా. మేము లెక్క వేసుకున్నది వేరే. నిద్ర లేని మనిషిని ఒత్తిడి పెడితే కంతు వస్తుంది, నిజమే. అది వారం ఫైనాన్సు నుంచి వస్తుంది. రెండో కంతు ఇంకో ఫైనాన్సు నుంచి వస్తుంది. 2010లో మన రాష్ట్రంలో మైక్రో ఫైనాన్సు గొడవ ఎక్కడిదాకా పోయిందో, ఎన్ని ఇళ్ళలో ఏడుపులు మిగిలాయో ఇక్కడున్న పెద్ద అక్కలందరికీ గుర్తుంది.

దీని మీద మాట్లాడదలచినవాళ్ళు లేచి మాట్లాడండి, వ్యతిరేకమైనా సరే. ఆ తర్వాత చేతులెత్తి ఓటు. తరగతుల్లో చెప్పడానికి ముందుకొచ్చే అక్కలు ఈ రోజు స్టేజీ మీదికి రానక్కర్లేదు. భోజనాలప్పుడు మాలో ఎవరికైనా చెవిలో ఒక మాట వేస్తే చాలు, మేము మీ ఇంటికి వస్తాం.