ఎండకు కమిలిన ఒంటికి ఇంటి వైద్యం, పనిచోట నీడ
(వర్ధన్నపేట రైతు సమావేశంలో చేసిన ప్రసంగం)



మిరప ఏరేది, కల్లంలో ఆరబోసేది, యాసంగి వడ్లకు కాపలా ఉండేది మనమే. మెడ, ముంజేతులు మండినా "ఎండ మనకు కొత్తా?" అని ఊరుకుంటున్నాం. చామనచాయ ఒంటిమీద ఎరుపు అంతగా కనబడదు. మంట, బిగుతు, పొట్టు లేవడమే గుర్తులు.

ఇంటికి రాగానే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మిర్చి ఘాటు తగిలితే మంట ఇంకా పెరుగుతుంది. తర్వాత చల్లని నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డను 10, 15 నిమిషాలు వేయాలి. రోజులో నాలుగైదుసార్లు ఇలాగే చేయాలి. ఐసుగడ్డ పెట్టొద్దు. పేస్టు, సున్నం పూయొద్దు. కలబంద మట్ట కోసి, పసుపు సొన కారిపోయాక లోపలి గుజ్జు రాయొచ్చు. బొబ్బలు చిదమొద్దు. నీళ్లు, మజ్జిగ బాగా తాగాలి. చర్మం మానేదాకా పురుగుమందు కొట్టొద్దు. దెబ్బతిన్న చర్మం గుండా మందు ఒంట్లోకి తొందరగా దిగుతుంది.

బొబ్బలు ఎక్కువైనా, జ్వరం, వాంతులు వచ్చినా ఆస్పత్రికి పోవాలి. మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా వడదెబ్బ అనుకోవాలి. వెంటనే 108కు ఫోన్ చేసి, నీడకు చేర్చి ఒళ్లు తడపాలి.

అయితే రాత్రి గుజ్జు రాసుకొని, తెల్లారి అదే ఎండలో నిలబడితే ఏం లాభం? పనిచోట తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె, విశ్రాంతికి నీడ ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. వడ్ల కొనుగోలు కేంద్రాల్లోనూ పందిరి, తాగునీరు కావాలని అడుగుతున్నాం. మన చేలల్లో మనం చేయాల్సిందీ ఉంది. పొద్దున పెందలాడే పని మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ఆపుదాం. కూలి మాత్రం కోయొద్దు. పంటను కాపాడే ఒంటిని కాపాడుకుందాం.