మోకాటి స్నాయువు – ఛాయాపరీక్షలు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనమును చూచి, తార్నాకకు నడచి వచ్చుచు త్రోవలో కాలుజారి పడితిని. ఒక వైద్యశాలలో ఎక్స్‌రే తీసి, ఎముక విఱుగలేదని యింటికి పంపిరి. ఆ మాట నిజమే. కాని కాలు చాచి పైకెత్తబోయిన లేవదాయెను! దానిని ఎవరును అడుగలేదు, నేనును చెప్పలేదు.

ఎక్స్‌రేలో ఎముక స్పష్టముగా కానవచ్చును. కండరమును ఎముకకు కట్టు స్నాయువు (అమరము చదివినవారికి క్రొత్తమాట కాదు) అంతగా కానరాదు. అయినను నేర్పరియైన వైద్యునకు మోకాటిచిప్పయే సాక్షి: పైస్నాయువు తెగిన చిప్ప క్రిందికి దిగును, క్రిందిది తెగిన పైకి పోవును. నలువది దాటినవారికి తెగునది తఱచుగా పైదే.

మూడు వారములకు తార్నాకలోనే అల్ట్రాసౌండు చేయించితిని. కాలు కదలించుచుండగనే తెగిన కొసల నడుమ ఎడము తెరపై కనబడెను. ఎక్స్‌కిరణములు లేకయే, అయస్కాంతబలముతో లోతైన కండరములను, కీలులోని మృదులాస్థిని గూడ చూపునది ఎం.ఆర్.ఐ. ఖర్చు మాత్రము హెచ్చు.

ఆలస్యమైన కొలది తెగిన కొస ముడుచుకొని పైకి పోవును, కుట్టుట కష్టమగును. నాకట్లే అయినది. మీరు చూచుచున్న యీ ఊతకఱ్ఱ అప్పటిదే.