‘వద్దు’ అని చెప్పే హక్కు
(మహిళా కార్యకర్తల శిక్షణా సదస్సులో ఒక స్పీచ్ థెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



గృహహింస గురించీ, లైంగిక దాడుల గురించీ మాట్లాడుకునేటప్పుడు మనం ఒక విషయాన్ని ప్రశ్నించకుండానే ఒప్పేసుకుంటాం. బాధితురాలు మన దగ్గరకొచ్చి, జరిగింది జరిగినట్టు మొదటి నుంచి చివరిదాకా చెప్పగలుగుతుందని అనుకుంటాం. ఆమెకి భయం వుంటుంది, సిగ్గు వుంటుంది, ధైర్యమిస్తే చెబుతుందని నమ్ముతాం. మన కౌన్సెలింగులు, పోలీసుల ఫారాలు, కోర్టు ప్రశ్నలు అన్నీ ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. ధైర్యం వున్నా అలా చెప్పలేని స్త్రీలున్నారు. ఆటిజం వున్నవాళ్ళు, మేధో వైకల్యం వున్నవాళ్ళు, తీవ్రమైన మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవాళ్ళు. వీళ్ళ మధ్య పనిచేస్తూ నాకర్థమైన సంగతులు మీ ముందు పెడతాను.

స్పీచ్ థెరపీ అనగానే నత్తి, ముద్దమాట, వినికిడి లోపం గుర్తొస్తాయి. అవి మా పనిలో ఒక భాగం మాత్రమే. మాటలు స్పష్టంగా వచ్చినా వాటిని మనుషుల మధ్య వాడుకోవడం కష్టమయ్యేవాళ్ళున్నారు. గుమ్మంలో నిలబడి “మీ అమ్మ వుందా?” అని అడిగితే “వుంది” అని చెప్పి తన ఆటలో తను మునిగిపోయే పిల్లని మీరు చూసే వుంటారు. ప్రశ్న అర్థమైంది, జవాబూ సరైనదే. “అమ్మని పిలువు” అనే లోపలి మాట మాత్రం అందలేదు. ఎవరితో ఎంత చెప్పాలి, వేళాకోళాన్ని ఎలా గుర్తుపట్టాలి, ఎవరిని ‘నువ్వు’ అనాలి, ఎవరిని ‘మీరు’ అనాలి, జరిగినదాన్ని వినేవాళ్ళకి అర్థమయ్యే వరసలో ఎలా పెట్టాలి, ఇదంతా సామాజిక సంభాషణ. ఆటిజంలో కనిపించే ముఖ్యమైన తేడాల్లో ఇదొకటి.

ఈ రంగం చరిత్రలో స్త్రీల మీద పడ్డ నింద ఒకటుంది. 1943లో లియో కానర్ ఆటిజాన్ని వర్ణించిన తరవాత, తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే బిడ్డ మాట్లాడకుండా పోయిందనే వాదం చాలాకాలం నడిచింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ రాసిన పుస్తకం దాన్ని ఇంకా ప్రచారం చేసింది. అంతకు ముందే 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తనే ఆటిజం వున్న కొడుక్కి తండ్రి, ఇది శరీర నిర్మాణానికి, నాడీ వ్యవస్థకి సంబంధించిన విషయమని వాదించాడు. తరవాతి పరిశోధనలు ఆయన వైపే నిలిచాయి. సిద్ధాంతం పోయింది కానీ నింద పోలేదు. “ఉద్యోగానికి పోయి బిడ్డతో మాట్లాడలేదు”, “ఫోను చేతికిచ్చి కూచోబెట్టింది” అనే మాటలు మోసుకునే తల్లులు నా గదిలోకి వస్తారు. బిడ్డని బస్సులో తీసుకొచ్చేది, ఇంటి దగ్గర సాధన చేయించేది, దానికోసం కూలి పోగొట్టుకునేది కూడా వాళ్ళే.

ఇక ఆడపిల్లల సంగతి. మగపిల్లాడు తోటివాళ్ళతో కలవకపోతే ఇంట్లో గాభరా పడతారు. ఆడపిల్ల తలొంచుకుని మూల కూచుంటే “నెమ్మదస్తురాలు” అని మెచ్చుకుంటారు. చాలామంది అమ్మాయిలు పక్కవాళ్ళని చూసి అనుకరిస్తూ తమ ఇబ్బందిని కప్పిపుచ్చుకుంటారు. అందుకే వాళ్ళలో ఆటిజం ఆలస్యంగా బయటపడుతుంది. కొందరికి పెద్దయ్యాక, ఆందోళనకో డిప్రెషన్‌కో వైద్యం కోసం వెళ్ళినప్పుడు తెలుస్తుంది. ఆడది నోరు మెదపకపోవడాన్ని సుగుణంగా చూసే సమాజంలో, నోరు మెదపలేకపోవడం ఎవరికీ కనిపించదు.

థెరపీ ఎవరి కోసం అన్నది అసలు ప్రశ్న. కళ్ళలోకి చూడాలి, చేతులు ఆడించకూడదు, చెప్పిన పని చెప్పినట్టు చెయ్యాలి అనేవే చాలాకాలం లక్ష్యాలుగా వుండేవి. ఇప్పటికీ అనేకచోట్ల అవే వున్నాయి. ఇవి చూసేవాళ్ళ సౌకర్యం కోసం పెట్టిన లక్ష్యాలు. 2012లో డేమియన్ మిల్టన్, తనే ఆటిజం వున్న బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త, ఒక మాటన్నాడు. ఆటిజం వున్నవాళ్ళు మనల్ని అర్థం చేసుకోలేకపోవడమే కాదు, మనమూ వాళ్ళని అర్థం చేసుకోలేకపోతున్నామని, ఈ లోటు రెండు వైపులా వుందని. ఒక ఉదాహరణ చెబుతాను. ఆకలైనప్పుడు కొందరు పిల్లలు “నీకు ఆకలేస్తోందా?” అంటారు. అమ్మ నోట విన్న ప్రశ్నని అలాగే తిరిగి చెబుతారు. దాన్ని అర్థంలేని చిలకపలుకు అనుకుని మాన్పించాలని చూసేవారు. అందులో అడగడం, ఒప్పుకోవడం, వద్దనడం వంటి పనులు జరుగుతున్నాయని 1980లలో బారీ ప్రైజంట్ వంటి పరిశోధకులు చూపించారు. పిల్ల మాట్లాడుతూనే వుంది, అర్థం తీసుకోవడమే మనం నేర్చుకోవాలి.

“అడగనిదే అమ్మైనా పెట్టదు” అంటారు. మాట రాని బిడ్డకి మాత్రం అమ్మ అడక్కుండానే పెడుతుంది. ప్రేమతోనే పెడుతుంది, కానీ బిడ్డకి అడిగే అవసరం గానీ, వద్దనే అవకాశం గానీ వుండదు. అందుకే నేను తల్లులకి మొదట చెప్పేది ఆగమని. రెండు వస్తువులు చూపించి, మనసులో పది లెక్కపెట్టుకుని, బిడ్డ చూపు కోసం, చెయ్యి కోసం ఎదురు చూడమని. తలుపుతో, చేత్తో నెట్టి ‘వద్దు’ అంటే ఆ వద్దుని గౌరవించమని. చెప్పినట్టు వినడమే నేర్పి, వద్దనడం నేర్పని ఆడపిల్లని ఏ మగవాడైనా చెప్పినట్టు వినిపించుకోగలడు. ఇది అతిశయోక్తి కాదు. వికలాంగ బాలికల మీద దాడి చేసేవాళ్ళు తరచు తెలిసినవాళ్ళే, వాళ్ళ బాగోగులు చూసేవాళ్ళే.

మాట రానివాళ్ళకి బొమ్మల కార్డులు, బోర్డులు, ట్యాబ్‌లో నొక్కితే పలికే యాప్‌లు వున్నాయి. ఇవి అలవాటైతే మాట రాదని భయపడతారు. పరిశోధనలు ఈ భయాన్ని సమర్థించడం లేదు. కొందరిలో మాట పెరిగింది కూడా. కానీ ఆ బోర్డు మీద ఏ మాటలు పెడుతున్నాం? అన్నం, నీళ్ళు, బాత్‌రూం, ఆట. రొమ్ము, యోని, బహిష్టు, నొప్పి, తాకాడు, భయం, ఆపు - ఇవి వుండవు. పెట్టమంటే పెద్దవాళ్ళు సిగ్గుపడతారు. బోర్డు మీద లేని మాటని ఆ పిల్ల ఏ ఫిర్యాదులోనూ చెప్పలేదు.

మానసిక వ్యాధి వున్న స్త్రీల పరిస్థితి వేరు. స్కిజోఫ్రేనియా వంటి వ్యాధిలో మాటల మధ్య లంకె తెగిపోవచ్చు, మాటే తగ్గిపోవచ్చు. దానికిచ్చే మందుల వల్ల కొందరికి నోరు ఎండిపోతుంది, నాలుక మందమవుతుంది, ముఖ కండరాలు బిగుసుకుపోతాయి. భర్త కొట్టాడని చెబుతున్నా ముఖంలో ఏ భావమూ కనిపించదు. “ఏడవకుండా చెబుతోంది, నిజమేనా?” అని వినేవాళ్ళకి అనుమానం. పక్కనే భర్త “దానికి పిచ్చండీ” అంటాడు. మన సంఘాల ఆఫీసుల్లో కూడా ఈ ఒక్క మాటతో ఫైలు మూతబడే ప్రమాదం వుంది. ఇక్కడ స్పీచ్ థెరపిస్టు పని ఆమెకి నటన నేర్పడం కాదు. చెప్పదలచుకున్నదాన్ని చిన్న చిన్న ముక్కలుగా, వరసగా పెట్టుకునేందుకు సాయం చేయడం, వినేవాళ్ళకి ఆ ముఖం ఎందుకలా వుందో వివరించడం.

చట్టంలో మనకి ఆధారాలున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం సంభాషణ అంటే నోటి మాట ఒక్కటే కాదని, సంజ్ఞలు, ప్రత్యామ్నాయ పద్ధతులు కూడా అందులో భాగమేనని నిర్వచించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తన నిర్ణయాన్ని మాటతో గానీ, సైగతో గానీ, మరే రకంగా గానీ చెప్పగలగడం సరిపోతుంది. లైంగిక నేరాల్లో బాధితురాలికి వైకల్యం వుంటే ఆమె ఇంటి దగ్గరో, ఆమె కోరుకున్న చోటో, దుబాసీ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ సమక్షంలో వీడియో తీస్తూ ఫిర్యాదు నమోదు చేయాలని 2013 సవరణ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో వున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనూ అదే వుంది. ఆంధ్రప్రదేశ్‌లో చూపులేని ఒక దళిత యువతిపై జరిగిన అత్యాచారం కేసులో 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు, వైకల్యం వున్న స్త్రీ సాక్ష్యాన్ని తక్కువ చేసి చూడరాదని స్పష్టం చేసింది.

చట్టం వున్నా ఎదుట కూచుని వినేది మనమే. కాబట్టి కొన్ని పద్ధతులు. ఒకసారి ఒకే ప్రశ్న అడగండి, జవాబు కోసం ఆగండి. “నిన్న కొట్టాడా, ఇవాళ కొట్టాడా?” అని అడగొద్దు, చివరి మాటనే తిరిగి చెప్పే అవకాశం వుంది. “ఔనా?” అని మీరే జవాబు అందించొద్దు. తేదీలు అడగకుండా సంక్రాంతికి ముందా, బడి తెరిచాకా అని రోజువారీ సంగతులతో కలిపి అడిగినప్పుడు కూడా, రెండింటి వరస మార్చి మళ్ళీ అడిగి చూసుకోండి. ఫ్యాను చప్పుడు, ట్యూబ్‌లైటు మినుకు కొందరికి భరించరానివి, గది మార్చండి. కళ్ళలోకి చూడమని అడగొద్దు. దుబాసీగా ఇంట్లోవాళ్ళని పెట్టొద్దు, నేరస్తుడు వాళ్ళలోనే వుండొచ్చు. ఆమె చెయ్యి పట్టుకుని అక్షరాలు చూపించి రాయించే పద్ధతిని అసలు ఒప్పుకోవద్దు. ఆ మాటలు పట్టుకున్నవాళ్ళవే అవుతున్నాయని పరీక్షల్లో తేలింది. 2018లో అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం దాన్ని వాడొద్దని చెప్పింది. అలాంటి సాక్ష్యం కోర్టులో నిలవదు, అమాయకులకి శిక్ష పడే ప్రమాదమూ వుంది.

చివరిగా మన డిమాండ్లు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని కింద జిల్లా ఆసుపత్రుల్లో పెట్టిన సత్వర చికిత్సా కేంద్రాల్లో స్పీచ్ థెరపిస్టు వుండాలి. మీ జిల్లాలో ఆ కుర్చీలో మనిషి వున్నారో లేదో వెళ్ళి చూడండి, లేకపోతే సమాచార హక్కు కింద కారణం అడగండి. ప్రతి సఖి కేంద్రంలోనూ పిలిస్తే రాగలిగే దుబాసీల, స్పెషల్ ఎడ్యుకేటర్ల, స్పీచ్ థెరపిస్టుల జాబితా గోడ మీద వుండాలి. థెరపీకి వచ్చే తల్లికి బస్సు చార్జీ, పోయిన కూలి ఇవ్వాలని అడగాలి. మీ ఆఫీసుల్లో శరీర భాగాల పేర్లతో సహా ఒక బొమ్మల బోర్డు ఈ నెలలోనే తయారు చేసుకోండి. బొమ్మలు ఎంచుకోవడంలో సాయం కావాలంటే నన్ను పిలవండి, వస్తాను.