అరుదైన కాన్సరు: అలక్ష్యము తగదు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను గాను, వర్తకుడను. లెక్క చూచుట నా వృత్తి. కావున మెర్కెల్ కణ కాన్సరు అను వ్యాధిని గూర్చి లెక్కల దారినే మనవి చేసెదను.

ఇది చర్మమున పుట్టును. దీని కణములందు నాడీకణ లక్షణములును, హార్మోనులను స్రవించు కణముల లక్షణములును కలసియుండును. 1875లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ మెర్కెల్ వర్ణించిన స్పర్శకణముల పేరే దీనికి వచ్చినది. ఈ వ్యాధిని 1972లో సిరిల్ టోకర్ అను వైద్యుడు తొలుత వివరించెను.

అమెరికాలో ఏటేట సుమారు 3,000 మందికి ఇది బయటపడుచున్నది. అనగా లక్ష జనమునకు ఒక్కరైనను పడరు. ఎండ తీవ్రముగా నుండి, తెల్లని చర్మము గలవారు హెచ్చుగా నివసించు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో లక్షకు ఒకరిని మించియున్నారు. రోగులలో అత్యధికులు 50 ఏండ్లు దాటినవారు. పెక్కురు 70 దాటినవారు. స్త్రీలకంటె పురుషులు అధికము. నల్లని, చామనచాయ శరీరులకు మిక్కిలి అరుదు.

అంతమాత్రమున మనకు సంబంధము లేదని ఖాతా మూసివేయరాదు. మూత్రపిండము మార్పించుకొని రోగనిరోధక శక్తిని తగ్గించు మందులు వాడువారికి, కొన్ని రకముల రక్త కాన్సరు గలవారికి, హెచ్.ఐ.వి. సోకినవారికి ఈ ప్రమాదము హెచ్చు. అట్టివారు మన కుటుంబములందును కలరు.

2008లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ అను శాస్త్రజ్ఞులు ఈ గడ్డలందు ఒక వైరసును కనుగొనిరి. అమెరికా రోగులలో సుమారు 80 శాతమందు అది కనబడుచున్నది. ఆ వైరసు ఆరోగ్యవంతుల చర్మముపైనను సాధారణముగా నుండును. కాన్సరు మాత్రము ఒకరినుండి మరియొకరికి అంటదు. కావున రోగిని వేరు గదిలో నుంచుట, వేరు కంచము పెట్టుట అన్యాయము.

దీని మోసమంతయు నొప్పి లేకపోవుటయందే యున్నది. ముఖము, మెడ, చేతులవంటి ఎండ తగులు చోట్ల ఎఱ్ఱగానో ఊదారంగుగానో గట్టి బొడిపె లేచి, కొలది వారములలో పెరుగును. నల్లని చర్మముపై ఆ రంగు తెలియకపోవచ్చును, పెరుగుదలయే గుర్తు. త్వరగా సమీప గ్రంథులకు ప్రాకును. అమెరికను గాయకుడు జిమ్మీ బఫెట్ నాలుగేండ్లు దీనితో పోరాడి, 2023 సెప్టెంబరు 1న మరణించిరి.

2017 నుండి, శరీరపు స్వశక్తిని మేల్కొలుపు మందులు వచ్చినవి. అయినను తొలిదశలో కోసివేయించుకొన్నవారికే మేలు హెచ్చు.

పెద్దలు "నొప్పి లేదుగదా" యని దాచుకొందురు. పిల్లలు అడిగి చూడవలయును. నెల తిరుగకుండ పెరిగిన బొడిపెను వైద్యునకు చూపి, ముక్క తీయించి పరీక్ష చేయింపుడు. ఆ ఖర్చు నష్టముక్రింద వ్రాయవలసినది కాదు.