నాగటికఱ్ఱును ఖడ్గమును
(ఆర్మూరున జరిగిన విశ్వబ్రాహ్మణ సంఘ వార్షిక మహాసభయందు చేయబడిన ఉపన్యాసము)



 నాకు నిర్ణయించిన విషయము విమానవిద్యకు సర్కారువారిచ్చు సహాయధనము. పసుపు అంగడి గల యూరిలో విమానముల ప్రసంగమేల యని కొందఱు నవ్వుకొనవచ్చును. కావున మన పసుపుచేనినుండియే యారంభించెదను.

తొలకరికి నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు చేనిలో నుండును. వానకాలము ముగియునప్పటికి ఆకులు మనుష్యుని నడుము దాటి పెరుగును. ఆకుమచ్చ తెగులు సోకినప్పుడు వీపున మందుడబ్బా తగిలించుకొని యా చేనిలో దూరిన కూలివాని యొడలెల్ల మందు పడును. నేడు డ్రోను అను చిన్న విమానము, లోపల మనుష్యుడు లేకయే, పది లీటర్ల మందునీటితో ఎకరము చేనిపై సుమారు పది నిమిషములలో చల్లి వచ్చుచున్నది. అయితే దుంపకుళ్ళునకు మందు నేలలోనికి దిగవలయును గనుక అచ్చట నీ యంత్రము చాలదు. గుణముతోపాటు కొఱతనుగూడ చెప్పుట మంచిది. దీని ప్రయోజనము ముందు తెలియగలదు.

ఈ యంత్రమే సైన్యము చేతికి పోయినచో మఱియొక రూపు దాల్చును. మందుడబ్బా యుండు చోట ఔషధముల పెట్టె నుంచిన, కొండకొమ్మున నున్న సిపాయికి చేర్చును. కెమెరా నుంచిన సరిహద్దును కనిపెట్టియుండును. ప్రేలుడుపదార్థము నుంచిన ప్రాణములు తీయును. ఇట్లు ప్రజలకును సైన్యమునకును పనికివచ్చు విద్యను ఉభయోపయోగ విద్య యందురు.

మన కులమున కిది క్రొత్త సంగతి గాదు. ఒక్క కొలిమిలోనే నాగటికఱ్ఱును ఖడ్గమును సాగగొట్టిన వంశము మనది. మన జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కుముద్దలను కొనుటకై పారసీక వర్తకులు దూరదేశమునుండి వచ్చుచుండిరి. 19వ శతాబ్ది మొదటి పాదమున వాయిసీ అను ఆంగ్ల భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ పనిని చూచి వ్రాసిపెట్టెను. మన దేశపు ఉక్కుతో చేసిన ఖడ్గములు డమాస్కసు పేరున లోకప్రసిద్ధములైనవి. కరగించిన కమ్మరుల పేళ్ళు మాత్రము మనమెఱుగము. పనితనము మనది, వ్రాతయు, లెక్కయు, మూలధనమును పరులవి. నేటి నా మనవి యంతయు నీ యొక్క లోపమును గూర్చినదే.

1918లో ఆంగ్ల వాయుసేనలోని యొక విమానదళమునకు నిజాము ప్రభువుగారి ద్రవ్యముతో విమానములు సమకూరగా, దానికి హైదరాబాదు పేరు వచ్చెను. ఆ విమానములు ఇంగ్లండున తయారైనవి. ద్రవ్యము మాత్రమే మనది. ఇప్పుడు సర్కారే ద్రవ్యమిచ్చి, ఇచ్చటనే తయారుచేయు డనుచున్నది.

ఆ మార్గములను క్లుప్తముగా మనవి చేసెదను. 2018లో రక్షణశాఖవారు ‘ఐడెక్స్’ అను పథకమును స్థాపించిరి. త్రివిధ దళములవారు తమకు కావలసినదేదో ప్రకటింతురు. స్టార్టప్ కంపెనీలును, చిన్న పరిశ్రమలును, ఒంటరి శోధకులును దరఖాస్తు చేయవచ్చును. ఎన్నికైనవారికి నమూనా తయారుచేయుటకు 1.5 కోట్ల రూపాయలవఱకు గ్రాంటు లభించును. 2022లో వెలువడిన ‘ఐడెక్స్ ప్రైమ్’ క్రింద 10 కోట్లవఱకును, 2024లో వెలువడిన ‘అదితి’ క్రింద 25 కోట్లవఱకును పరిమితి పెట్టిరి. డీఆర్‌డీఓవారి సాంకేతికాభివృద్ధి నిధి 50 కోట్లకు లోబడి ఖర్చులో నూటికి 90 వంతులవఱకు భరించునట్లు నిర్ణయింపబడినది. చిన్న ప్రయత్నమునకు కేంద్ర విజ్ఞానశాఖవారి ‘ప్రయాస్’ పథకము 10 లక్షలవఱకు ఇచ్చునట్లు ఏర్పడినది. హైదరాబాదున 2023లో ప్రారంభమైన ‘టీ-వర్క్స్’ కార్మికశాల నమూనాలు తయారుచేసుకొనువారికొఱకే నెలకొల్పబడినది.

డ్రోను కొనుటకిచ్చు సబ్సిడీ వేఱు, క్రొత్త డ్రోనును కనుగొనుట కిచ్చు గ్రాంటు వేఱు. మహిళాసంఘములకు 80 వంతులు, 8 లక్షలవఱకు ఇచ్చునట్లు 2023లో ఆమోదింపబడిన పథకము మొదటి తరగతిలోనిది. నేను చెప్పునది రెండవది.

ఇక దరఖాస్తు సంగతి. కొన్నియేండ్ల క్రిందట నేనును మన పిల్లలిద్దఱును కలసి యొక దరఖాస్తు పంపితిమి. అది తిరస్కృతమైనది. చాలకాలము సర్కారును నిందించితిని. తరువాత ఆ కాగితములు తీసి మరల చదువుకొనగా తప్పు మాదేయని తెలిసినది. పదునొకండు పుటలలో యంత్రమహిమను వర్ణించితిమి. దాని నెవ్వరు వాడుదురో, ఏ పరీక్షతో దాని శక్తిని నిరూపింతుమో, ఏ పని దానికి చేతకాదో వ్రాయమైతిమి. మావంతు ధనమెచ్చటనుండి వచ్చునో చూపలేకపోయితిమి. దుంపకుళ్ళు మాట మొదటనే యెత్తుటకు కారణమిదియే. కొఱత చెప్పనివాని గుణమును పరీక్షకులు నమ్మరు.

కావున నాలుగు సంగతులు గుర్తుంచుకొనవలయును. మొదటిది అవసరము: చేనిలోనో సరిహద్దునో నిజముగా నున్న కష్టమును వ్రాయవలెను. రెండవది పరీక్ష: ఎంత బరువు, ఎంతసేపు, ఎంత గాలిలో ఎగురునో కొలిచి చూపవలెను. 2021 నాటి డ్రోను నిబంధనలు శోధనాసంస్థలకు తమ యధీనమందలి స్థలమున, అనుమతిగల యాకాశభాగమున, రకపు ధ్రువపత్రము లేకయే ఎగురవేయుట కవకాశమిచ్చినవి. మూడవది లెక్క: గ్రాంటు ఒక్కమారు చేతికి రాదు, ఒక మజిలీ చేరి చూపిన పిదప మఱియొక వాయిదా వచ్చును. నాలుగవది చట్టము: ఇట్టి ఉభయోపయోగ వస్తువులకు సర్కారువారి ‘స్కోమెట్’ పట్టిక యున్నది. అందున్నవానిని విదేశమునకు పంపుటకు అనుమతి కావలయును. 25 కిలోమీటర్లకు మించని దూరము పోయి, 25 కిలోలకు మించని బరువు మోయు పౌరోపయోగ డ్రోనులకు 2023లో ఈ నిబంధనను సడలించిరి.

ప్రాణములు తీయు పనికి మన చేతులు పోవచ్చునా యని ఒక పెద్దాయన నన్నడిగెను. ఆ ప్రశ్న నాకును కలదు. ఏ పని యొప్పుకొనవలెనో, ఏది త్రోసిపుచ్చవలెనో ఎవరికి వారే నిర్ణయించుకొందురు గాక. కాని రెండవ యుపయోగమును మఱుగుపఱచి మొదటిదానికి మాత్రమే ధనమడుగుట మోసము. ఖడ్గము చేసిన తాత అది ఖడ్గమని చెప్పియే యమ్మెను.

పోషకమహాశయులారా! ఐడెక్స్ గ్రాంటుకు సమానముగా దరఖాస్తుదారుడు తనవంతు ధనమును పెట్టవలయును. కాడి పసుపు ధర పడిన యేడు ఫీజు కట్టలేని యింటి పిల్లవాడు లక్షలెచ్చటనుండి తెచ్చును? వాని బుద్ధి అచ్చటనే ఆగిపోవుచున్నది. కల్యాణమంటపమునకు మనము ఉదారముగా చందాలిచ్చితిమి. అది మంచిదే. ఇకముందు వచ్చు చందాలలో నాలుగవవంతు ప్రత్యేకనిధిగా నుంచి, గ్రాంటునకు ఎన్నికైన బాలబాలికలకు వడ్డీలేని యప్పుగా నీయవలెనని నా ప్రార్థన. ఒక యింజనీరు, ఒక లెక్కలు తెలిసినవారు, ఒక చేతిపని పెద్ద, ఈ మువ్వురు దరఖాస్తును ముందుగా చదివి తప్పులు దిద్దవలెను. ప్రతి పైసకును వచ్చే మహాసభలో లెక్క చదువవలెను. ఓడిన ప్రయత్నమునుగూడ దాచక చెప్పవలెను.

కోనసముద్రపు ఉక్కుపై మన పేరు లేదు. ఈ పిల్లలు చేయబోవు యంత్రముపైనైనను వారి పేరుండునట్లు చేయు భారము ఈ సభపై నున్నది. ఈ తీర్మానమును సభవారు నేడే విచారింతురు గాక యని కోరుచున్నాను.