తోటివారితో ఆన్‌లైన్ చదువు

2020లో బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. పాఠం ఇంటికి చేరింది గానీ, పక్కన కూర్చునే తోటివాడు చేరలేదు. ఆన్‌లైన్ చదువులో పెద్ద లోటు అదే.

ఆ లోటు తీర్చే దారి చూసేముందు, ఒక అపోహ సంగతి. 'మావాడికి చూస్తేనే వస్తుంది, మా అమ్మాయికి వింటేనే ఎక్కుతుంది' అని పగిడ్యాలలోనైనా నంద్యాలలోనైనా అంటుంటాం. ఇష్టాలు వేరువేరుగా ఉండొచ్చు. అయితే ఆ ఇష్టాన్ని బట్టి పాఠం చెబితే చదువు బాగా వస్తుందనడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చారు. పటం ఎవరైనా చూడాల్సిందే, ఉచ్చారణ ఎవరైనా వినాల్సిందే. పిల్లల మీద అలాంటి ముద్ర వేయకండి.

ఆన్‌లైన్‌లోనైనా జట్టు చదువు మాత్రం పనికొస్తుంది, పని పంచుకుంటేనే. శ్రీశైలం జలాశయం గురించి పాఠమనుకోండి. ఒకరు పటం గీయాలి, ఒకరు నీటి లెక్కలు చూడాలి, ఇంకొకరు పెద్దల్ని అడిగి మునిగిన ఊళ్ల సంగతి రాయాలి. ఆ తర్వాత ప్రతివారూ ఎదుటివారి భాగాన్ని కూడా చెప్పగలగాలి. లేకపోతే ఒకరు రాసింది మిగతావాళ్లు వాట్సాప్‌లో తెచ్చుకుని ఎక్కించుకోవడమే మిగులుతుంది.

అమ్మలారా, నాన్నలారా! ఈ రాత్రి మార్కులు అడక్కండి. తోటివారి దగ్గర ఏం నేర్చుకున్నారో మీ పిల్లల్ని చెప్పమనండి.