పదో తరగతి దాకా రానివాళ్ళు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

రాజకీయ నవలల్లో సమానత్వం గురించి మాట్లాడమన్నారు. నేను వంతెనలకు లెక్కలు కట్టేవాణ్ణి, పండితుణ్ణి కాను. మన తెలుగు అయ్యవారి పుణ్యాన నవలలు చదవడం మాత్రం మానలేదు. వాటిలో ‘మాలపల్లి’ గురించి చెప్తాను.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారు గుంటూరు సీమ బారిస్టరు. పలనాడు పుల్లరి ఉద్యమంలో జైలుకెళ్ళి అక్కడ ఈ నవల రాశారు. 1922లో అచ్చయితే, మరుసటేడే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మధ్యలో సడలించి, మళ్ళీ బిగించి, 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ వదల్లేదు. కథకు సర్కారు అంత భయపడిందంటే ఊరికే కాదు.

అందులో సంగదాసు చౌదరయ్య ఇంట్లో పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికీ అతడికీ ప్రాణస్నేహం. ఆ స్నేహం అబద్ధం కాదు. కానీ సంగదాసు కూలీల పక్షాన నిలబడేసరికి ఆ ఇంటి పెద్ద కొట్టిన దెబ్బకే చనిపోతాడు. స్నేహితుడి మంచితనం అతణ్ణి కాపాడలేకపోయింది. మనసులు మారితే చాలని అనే పాత్రలు ఆ నవలలో ఉన్నాయి. కథ మాత్రం ఆ మాటకు ఒప్పుకోదు. నాకు గట్టిగా తగిలింది అదే.

ఆ తర్వాత ఆ కుటుంబం సెటిల్‌మెంటు పాలవుతుంది. సెటిల్‌మెంటు కల్పన కాదు. నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నెల్లూరు జిల్లా కప్పరాళ్ళతిప్పలో ఎరుకలను, యానాదులను అట్లాగే పెట్టారు. ఆ యానాదుల బతుకునే మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి గారు ‘చివరి గుడిసె’లో రాశారు. చదవనివాళ్ళు తప్పక చదవండి. మన యాస మన చెవిన పడుతుంది.

తిన్నడు నోటితో తెచ్చిన నీళ్ళను స్వామి కాదనలేదని మన ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు. కొండ మీద కన్నప్పకు గుడి కూడా ఉంది. మరి స్వర్ణముఖి ఒడ్డు గుడిసెల నుంచి వచ్చి మనతో ఆరో తరగతిలో కూర్చున్న పిల్లలు ఎనిమిదిలో ఎందుకు లేరు? ఫీజు లేదు, బెంచీ ఒకటే, పాఠం ఒకటే. అయినా నాట్ల రోజుల్లో ఒకడు, చెల్లెల్ని ఎత్తుకోవడానికి ఒకతి, అట్లా జారిపోయారు. బడి అందరికీ ఒకటే గానీ, ఇంటికాడ కూలి డబ్బుల లెక్క ఒకటి కాదు.

మన సంఘం నిబంధనల్లో పదో తరగతి ఉత్తీర్ణులైనవారికే సభ్యత్వం అని ఉంది. రాసినవాళ్ళకు దురుద్దేశం లేదు, నాకు తెలుసు. ఫలితం మాత్రం ఈ హాలు చూస్తే తెలుస్తుంది. ఇంజినీర్లం ఉన్నాం, డాక్టర్లున్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళున్నారు. బయట షామియానా కట్టినాయన నా పక్క బెంచీవాడు. ఆయన పేరు మన జాబితాలో లేదు.

కమిటీవారికి ఒక్క మనవి. ‘ఉత్తీర్ణులైన’ అన్న మాట కొట్టేసి ‘చేరిన’ అని రాయండి. పాత అడ్మిషన్ రిజిస్టర్లు హెచ్చెమ్ గారి గది బీరువాలో ఉన్నాయి. మా బ్యాచ్ పేర్లు ఎత్తి రాసే పని నాకివ్వండి. ఆదివారం పొద్దున తాళం తీయిస్తే చాలు, నేనొస్తాను.